మణెమ్మ చావు ఏ బస్తీ కింద రాయాలె

నా పేరు దూదేకుల హుస్సేనమ్మ. వయసు డెబ్బై దాటింది, ఎంత దాటిందో మా అమ్మకు తెల్సు, ఆమె లేదు. సికింద్రాబాదుల రైలు పట్టాల ఇవతలి బస్తీల ఉంటం. ఇంట్ల నేను, నా కొడుకు ఖాసిం, కోడలు జరీనా, ఇద్దరు మనుమరాండ్లు. పాత దూది ఏకుడు, పరుపులు కుట్టుడు మా పని. నాకు సదువు రాదు. నేను చెప్తుంటే నా కోడలు రాస్తున్నది. చెయ్యి ఆమెది, మాట నాది.

మా బస్తీకి వచ్చి ఆడోళ్ళ దెబ్బల లెక్క రాసిన టీచరమ్మ పోయిందని నాకు పోయిన బేస్తవారం తెలిసింది. తిరుమలగిరిల ఒక మిల్ట్రీ సారు ఇంటి ముందర పరుపు విప్పి, దూది ఎండకు పోసి కూసున్న. ఆమె పనిచేసిన కాలేజీల ఇప్పుడు పాఠాలు చెప్పే చిన్న సారు నన్ను ఎతుక్కుంట అక్కడికే వచ్చిండు. స్కూటర్ ఆపి, హెల్మెట్ తీసి, "అమ్మా, మేడం పోయారు" అన్నడు. మధ్యాహ్నం అన్నం తిని పడుకున్న మనిషి మళ్ళ లేవలేదట. నేను కుట్టిన పరుపు మీదనేనా అని నాకు మొదటి ఆలోచన వచ్చింది. సిగ్గులేని ఆలోచన. కానీ వచ్చింది, అందుకే చెప్తున్న.

చిన్న సారు ఇంకో మాట చెప్పిండు. బేగంపేటల సభ పెడుతున్నరట, ఆమె పేరు మీద పుస్తకం వేస్తున్నరట. "ఆమె మొదటి రిపోర్టును మళ్ళీ అచ్చు వేస్తున్నామమ్మా. రెండు బస్తీలను పోల్చి రాసింది. శాంతి బస్తీ నాయకురాలిగా మీరు కూడా నాలుగు మాటలు చెప్పాలి."

"అది తప్పని ఆమెనే కొట్టేసింది గదా కొడుకా."

"బాగా పేరొచ్చిన పని అమ్మా అది. తర్వాత చేసింది పూర్తి కాలేదు."

నా చేతిల దూది కొట్టే కట్టె ఉండె. ఆ పిలగాని నసీబు బాగుండి నాకు ముసలితనం వచ్చింది.

నాలుగు మాటలతోని అయ్యేది కాదు ఇది. టీచరమ్మ గురించి చెప్పాలంటే ఆమె చేసిన తప్పు చెప్పాలె, దానికి మూలం నేను చేసిన పాపం చెప్పాలె. చదివేటోళ్ళు ఓపిక పట్టుండ్రి.

ఆమె కోస్తా మనిషి. చర్చికి పోయే కుటుంబం. సైనిక్‌పురిల ఒక రిటైర్డు మిల్ట్రీ ఆయన ఇంటి మీది గదిల కిరాయికి ఉండేది. బక్క పానం, పెద్ద కండ్లద్దాలు, ఒక పుల్ల విరిగిన గొడుగు. నన్ను "హుస్సేనమ్మగారూ" అని పిలిచేది. మొదటిసారి పిలిచినప్పుడు నేను ఎనకకు తిరిగి చూసిన.

"ఎవరి కోసం చూస్తున్నారు?"

"గారు ఎవలో వచ్చిందనుకున్న. నేను ఉత్త హుస్సేనమ్మనే."

"నాకు ఉత్తగా పిలవడం రాదండీ" అన్నది. పాతికేండ్లు దగ్గెరగ తెల్సినా నేర్చుకోలే.

పెన్నుతోని ఎన్నడు రాయలే. పెన్సిలే. "పెన్సిలైతే తప్పు ఒప్పుకోవడం తేలిక" అనేది. రాసినంక, రాసింది మనకే చదివి వినిపించేది. "ఇది మీరు చెప్పిందేనా?" అని అడిగేది. కాదంటే అక్కడనే కూసోని చెరిపేది. మా బస్తీల అంతకుముందు ఎంతమందో వచ్చి రాసుకపోయిండ్రు. రాసింది తిరిగి చదివినోళ్ళు ఇంకొకళ్ళు లేరు.

ఆమె మా బస్తీకి వచ్చింది మేం సారా దుకాణం పలగ్గొట్టినంక. ఆ సంగతి సుత రాయాలె. మా గల్లీ మూలకు సారా ప్యాకెట్లు అమ్మే దుకాణం ఉండె. నా మొగుడు ఆ ప్యాకెట్లతోనే బతికిండు, వాటితోనే సచ్చిండు. నాకు ఎడమ చెవు వినపడది, అది ఆయన చెయ్యి గుర్తు. ఒక పొద్దు, పక్కింటి రిక్షా తొక్కేటోడు కడుపుతోని ఉన్న పెండ్లాన్ని కడుపుల తన్నిండు. బిడ్డ పోయింది. ఆ పిల్లను దవాఖానకు పంపి, నెత్తురు అంటిన చేతులతోనే మేం ఆడోళ్ళం దుకాణం మీదికి పోయినం. రోకళ్ళు, చీపుర్లు, కారంపొడి. ప్యాకెట్లు కాళ్ళతోని తొక్కితే పటపట పగిలినయి. దుకాణపోన్ని బయటికి గుంజి, కండ్లల్ల కారం కొట్టి, అంగి చింపి మోరీల కూసోబెట్టినం. వాడు ఏడుస్తుంటే నాకు కడుపు నిండింది. ఆ పొద్దు చేసినదానికి నాకు ఇప్పటికి బాధ లేదు. రాయి జరీనా, లేదు అనే రాయి.

దుకాణం పోయి పట్టాల అవతలి బస్తీల పెట్టుకున్నరు. మా మొగోళ్ళు అక్కడికి నడుసుడు షురూ చేసిండ్రు. అప్పుడు మేం ఒక కట్టుబాటు పెట్టుకున్నం. తాగినోడు రైల్వే గేటు దాటి ఇవతలికి రావద్దు. పొద్దుగూకకముందే వంతులు వేసుకొని గేటు కాడ కట్టెలు పట్టుకొని కూసునేది. ఊగుకుంట వస్తే కొట్టి అవతలికే తోలేది. "నిషా దిగినంక రా" అనేది. దిగేదాక వాడు ఎవల గడప మీద పడ్డడో, ఎవల మీద చెయ్యి లేపిండో మేం అడగలే. మా గడపలు కడిగినట్టు ఉన్నయి. మాకు అది చాలు.

టీచరమ్మ రెండు పెద్ద కాయితాలు తెచ్చింది. ఒకటి మా బస్తీది, ఒకటి అవతలిది. ఇంటి పేరు ఒక దిక్కు, నెలలు ఒక దిక్కు. ఆడమనిషి మీద దెబ్బ పడితే ఒక గీత. ఎందుకు రెండు అని అడిగిన.

"రెండు చోట్లా అవే గుడిసెలు, అదే కూలి పని, అదే నీళ్ళ ట్యాంకరు. తేడా ఒక్క దుకాణమే. మిగతావన్నీ ఒకటే అయినప్పుడు, దెబ్బల్లో తేడా వస్తే దానికి కారణం దుకాణమే అని గట్టిగా చెప్పొచ్చు."

"పరుపు పక్కన పరుపు పెట్టి చూసినట్టా?"

"అచ్చం అలాగేనండీ" అని మురిసిపోయింది.

నెలలు గడిచినకొద్ది మా కాయితం తెల్లగైంది. అవతలిది నల్లగైంది. ఆమె వచ్చి చూపిస్తే నాకు గర్వం. గేటు కాడి కట్టెల ముచ్చట నేను చెప్పలే. ఆమె "మీ బస్తీలో ఎవరైనా కొట్టారా?" అని అడిగేది, నేను "మా బస్తీల ఎవలు కొట్టలే" అనేది. అబద్ధం కాదు. అందుకే అది అంత చెడ్డ మాట.

ఇగ ఆ ఆదివారం సంగతి.

ఎండ ఇంక ఉన్నది. గేటు కాడ వంతు నాది. నా కొడుకు ఖాసిం పని నుంచి అటే పోయి, తాగి వస్తున్నడు. భుజానికి దూది ఏకే విల్లు, చేతిల ఆ విల్లు తీగను కొట్టే కట్టె గుండు. రెండు కొసలు లావుగ, నడుమ పట్టుకునేటట్టు ఉంటది అది. ఒక్క దెబ్బకు తీగ మోగుతది.

"అమ్మా, జరుగు. ఆకలైతున్నది."

"నా కొడుకువైతే నీకు వేరే కానూన్ ఉన్నదార? పో."

"జరుగుమంటున్న గదనే!"

పక్కన ఆడోళ్ళు చూస్తున్నరు. హుస్సేనమ్మ సొంత కొడుకును తోలుతదా తోలదా అని వాళ్ళ మొఖాలల్ల కనపడుతున్నది. కట్టె లేపి మోకాళ్ళ మీద కొట్టిన. రెండోది మూతి మీద పడ్డది. పెదవి పగిలి నెత్తురు గదువ మీదికి కారింది. వాడు నన్ను ఒక్క చూపు చూసి తిరిగి పోయిండు. ఆడోళ్ళు చప్పట్లు కొట్టిండ్రు. నేను కొంగు దులిపి మళ్ళ కూసున్న.

అవతల దుకాణం పక్కన మణెమ్మ మిరపకాయ బజ్జీలు వేసి అమ్మేది. నా ఈడుదే. వీడు పోయి ఆమె బండి కాడ కూలబడ్డడు. "మీ అమ్మలు తన్ని తోలుతరు, మేం మొయ్యాల్నార మిమ్ముల? లే ఈడికెల్లి" అన్నది ఆమె. వీడు లేసిండు. చేతిల గుండుతోని ఆమె నెత్తి మీద కొట్టిండు. ఆమె బాండలి మీద పడ్డది, మరిగే నూనె ఆమె మీద ఒలికింది, అయినా మళ్ళ కొట్టిండు. దవాఖానకు పోయే తొవ్వల పానం పోయింది. అవతలి మొగోళ్ళు ఖాసింను పట్టాల మీద ఈడ్సి పండ్లు రాలగొట్టిండ్రు. పోలీసులు రాకుంటే సంపేటోళ్ళే.

జరీనా కలం ఆపింది. ఆమె మొగడు గదా. రాయి బిడ్డా, ఆగకు.

వారానికి టీచరమ్మ వచ్చింది. కండ్లద్దాలు తీసి తుడుచుకున్నది. అవతలి కాయితం మీద మణెమ్మ గీత అప్పటికే గీసింది, మిగతా గీతలకంటే పొడుగు గీత. మాది తెల్లగనే ఉన్నది.

"మీ అబ్బాయని తెలుసు హుస్సేనమ్మగారూ. కానీ ఏదైనా జరిగిన చోటే రాయాలి, అది మా పద్ధతి." ఎప్పటిలెక్కనే చదివింది. "ఇవతలి బస్తీలో ఈ ఏడు ఆడవాళ్ళ మీద దాడి జరగలేదు. ఇది మీరు చెప్పిందేనా?"

"నేను చెప్పిందే" అన్న.

బేగంపేటల పెద్ద హాలుల ఆ రిపోర్టు చదివిండ్రు, మా బస్తీకి శాంతి బస్తీ అని పేరు పెట్టిండ్రు. చల్లటి గాలి మిషన్లు, మెత్తటి కుర్చీలు. నన్ను స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పిండ్రు. కొడుకు జైల్ల ఉన్నడు, నేను శాలువా కప్పుకొని ఇంటికొస్తున్న. గేటు కాడ మణెమ్మ బిడ్డ యాదమ్మ నిలబడ్డది. శాలువాను చూసింది. నా చెంప మీద కొట్టింది, మొగుడు పోయినంక నన్ను కొట్టినోళ్ళు ఎవలు లేరు. శాలువా గుంజి పట్టాల మీద పారేసి దాని మీద ఉమ్మింది.

"మా అమ్మ పీనుగ మీద కప్పేది నీకు కప్పిండ్రా? మీ కుక్కలను మా ఇండ్లల్లకు తోలి, మీరు మంచోళ్ళయిండ్రా?"

నాకు చెయ్యి లేవలే. ఏమని లేపాలె?

తెల్లారి సైనిక్‌పురికి పోయిన. టీచరమ్మ మంచం మీద నేను కుట్టిన పరుపే ఉన్నది. పరుపు కుట్టు విప్పిన. ఆమె "అయ్యో, ఏమిటండీ ఇది" అంటున్నది. లోపల ఉండలు కట్టిన దూది, గింజలు, పుల్లలు ఏరి తీసి ఆమె దిండుల కుక్కిన. రెండు పక్కపక్కన పెట్టిన.

"చెయ్యి పెట్టి చూడు టీచరమ్మా. పరుపు మెత్తగున్నదా?"

"ఉంది."

"దిండు గుచ్చుతున్నదా?"

"గుచ్చుతోంది."

"దిండు చేసిన తప్పేంది?"

అప్పుడు గేటు సంగతి చెప్పిన. కట్టెలు, వంతులు, తోలుడు, ఆ ఆదివారం పెదవి పగలగొట్టుడు, అంతా. ఆమె నేల మీద కూసున్నది. ఆమె కోపం నేను అంతకుముందు చూడలే. "ఎందుకు చెప్పలేదు? ఏడాది పాటు మీ ఇంట్లో టీ తాగాను, ఎందుకు చెప్పలేదు?" అని అరిచింది.

"నువ్వు మా బస్తీల ఏమైందని అడిగినవ్. అవతల ఏమైందని అడిగినవ్. గేటు ఏ బస్తీదని అడగలే."

ఆమె దిండును మళ్ళ ఒత్తి చూసింది. "రెండూ వేరువేరు అనుకున్నాను. వేరుగా ఉంటేనే పోల్చడానికి పనికొస్తాయి. అసలు అదే చూసుకోలేదు" అన్నది. లేసి, "పదండి, అవతలికి పోదాం" అని గొడుగు తీసింది.

నేను వద్దన్న. వినలే. అవతలి ఆడోళ్ళు నన్ను చూసుడుతోనే మీద పడ్డరు. జుట్టు పట్టి గుంజిండ్రు, రవిక చింపిండ్రు, ఒకామె చెప్పుతోని నోటి మీద కొట్టింది. టీచరమ్మ నడుమకు వచ్చింది. ఎవలో ఇసిరిన ఇటుక పెంక ఆమె నుదురుకు తగిలింది. కండ్లద్దాలు పగిలినయి, నెత్తురు కంట్ల పడ్డది. ఆమె నన్ను వదలలే. "కొట్టండి, కానీ మీవాళ్ళను మొదట కొట్టింది ఎక్కడి నుంచి వచ్చినవాళ్ళో చెప్పండి, రాసుకుంటాను" అన్నది. ఒక ముసలామె ఆ నెత్తురు చూసి నీళ్ళు తెచ్చింది. ఇగ చెప్పుడు షురూ చేసిండ్రు. ఆ నల్ల కాయితం మీది గీతలల్ల సగానికి సగం మా మొగోళ్ళవే. ఆమె ఒక చేత్తోని కొంగు నుదురుకు ఒత్తుకొని ఇంకో చేత్తోని పెన్సిలు కదిపింది. ఆడ సుత చదివి వినిపించింది. "ఇది మీరు చెప్పిందేనా?"

సాయంత్రం మా ఇంట్ల రెండు కాయితాలు నేల మీద పరిచింది. "వీటిని అతికించాలి, గమ్ము ఉందా?" అన్నది. మా ఇంట్ల గమ్మెక్కడిది? దబ్బనం తెచ్చిన, పరుపుల దారం తెచ్చిన. అంచుకు అంచు పెట్టి నేనే కుట్టిన. ఆమె అవతలి కాయితం మీదికెల్లి మణెమ్మ గీత చెరిపింది. మా దిక్కు పెడతదనుకున్న. పెట్టలే. కుట్టు మీద గీసింది, సగం ఇటు, సగం అటు.

మళ్ళ అదే బేగంపేట హాలు. ఈసారి శాలువాలు లేవు. నుదుటికి పట్టీతోని నిలబడి, "నేను రాసింది తప్పు" అని మొదటి మాటే అన్నది. ఒక పెద్ద సారు లేచి, "పరుపులు కుట్టే ఒక్క ఆవిడ మాట పట్టుకుని పరిశోధన మొత్తం కూల్చేస్తారా మేడం?" అన్నడు.

"తప్పు ఆవిడది కాదండీ, నాదే. రెండు బస్తీలను చూశాను, మధ్యలో రోజూ దాటిన గేటును చూడలేదు."

ఆమెకు తర్వాత అంత పెద్ద పని ఎవలు ఇయ్యలే. నాకు తెల్సు, ఆమె చెప్పలే. కాలేజీ అయినంక ఆ గొడుగు పట్టుకొని ఒక్కతే వచ్చేది. ఇగ ఇండ్లల్ల కూసునుడు బంద్ చేసి, మనుషుల ఎనక నడిచేది. "మనిషి ఎక్కడ పడ్డాడో రాసుకుంటూ పోయాను, ఎక్కడి నుంచి నడిచొచ్చాడో రాయాలి" అనేది. గేటు కాడి కట్టెలు మేమే ఇరిచి పొయిల పెట్టినం. మా తాగుబోతులను మేమే మోసుకొచ్చుకున్నం, తన్నులు మేమే తిన్నం. మా కాయితం మళ్ళ నల్లగైంది. ఆ అవతలి దుకాణాన్ని తర్వాత రెండు బస్తీల ఆడోళ్ళం కలిసి పలగ్గొట్టినం. యాదమ్మ వచ్చింది. నా పక్కన మాత్రం నడవలే.

ఇగ నేను అడిగేది ఒక్కటే. టీచరమ్మ పుస్తకంల ఆ రెండు కాయితాలను విడివిడిగా అచ్చు వేస్తే నేను ఊకోను. వేస్తే కుట్టిన కాయితమే వేయుండ్రి. మా బస్తీ శాంతి బస్తీ కాదు. మేం మా దెబ్బలను పక్కింటోళ్ళ మీద పోసినం. అది చెప్పనందుకు ఆమె జీవితమంత నుదుటి మీద మచ్చతోని తిరిగింది.

ఇదంత రాసినంక జరీనాను తీసుకొని యాదమ్మ ఇంటికి పోయిన. సాక్షి ఉండుమని అడిగిన. "చదువు. ఉన్నది ఉన్నట్టు ఉంటే సంతకం పెడతా. నీ కోసం కాదు" అన్నది. జరీనా చదివింది. మణెమ్మ కాడికి వచ్చేసరికి యాదమ్మ ఆపింది. నేను ముందు అక్కడ "చెయ్యి జారి దెబ్బ తగిలింది" అని చెప్పిన. తల్లి నోరు గదా.

"జారలే. కొట్టిండు. మళ్ళ కొట్టిండు. గట్ల రాయి."

జరీనా కొట్టేసి, పైన మీరు చదివినట్టు రాసింది. ఇంటికొచ్చి ఖాసింకు మొత్తం చదివి వినిపించింది. వాడు విల్లు పక్కన పెట్టి విన్నడు. జైలు నుంచి వచ్చినంక వాడు ఎక్కువ మాట్లాడడు. "ఇది నువ్వు చేసిందేనా?" అని నేనే అడిగిన. "చేసిందే" అన్నడు. పెదవి మీద నేను కొట్టిన గాటు ఇంకా ఉన్నది.

కుట్టిన కాయితం నా దగ్గెరనే ఉన్నది. "ఇది మీ కుట్టు, మీ దగ్గరే ఉండాలి" అని టీచరమ్మ ఇచ్చింది. పొద్దుగాల పెట్టెల నుంచి తీసి ఎలుగుకు పట్టుకున్న. నా దారం ఒక్క పోగు ఊడలే. మణెమ్మ గీత మాత్రం మాసిపోయింది, పెన్సిలు గదా. పక్కకు వంచి చూస్తే కాయితం మీద లోతు కనపడుతది. వేలు పెట్టి తడిమిన. ఇటు నుంచి షురువై, దారం దాటి, అటు దాక ఉన్నది.

నా కోడలు చదివి వినిపించింది. ఇది నేను చెప్పిందే.

దూదేకుల హుస్సేనమ్మ, ఎడమ చేతి బొటనవేలు ముద్ర

రాసింది: జరీనా, కోడలు

చూసినోళ్ళు:
యాదమ్మ, మణెమ్మ బిడ్డ, పట్టాల అవతల
దూదేకుల ఖాసిం, కొడుకు, పట్టాల ఇవతల